బెంగుళూరు పరిసరముల కంకర బాటలు: సైకిలు టైరు వెడల్పు, గాలి ఒత్తిడి

సైకిలునందు నేలను తాకునది టైరు మాత్రమే. చట్రము ఉక్కుదైనను అల్యూమినియముదైనను, వెల వేలలో ఉన్నను లక్షలలో ఉన్నను, తొక్కువాని బరువంతయు తుదకు అరచేతిపాటి కూడ లేని రెండు తావులపైననే నిలుచును. ఆ తావులు ఎట్లుండవలెనో నిర్ణయించునవి రెండు: టైరు వెడల్పు, దానిలోని గాలి ఒత్తిడి. ఇంతటి విషయమును మనవారు సాధారణముగా పంక్చరు అంగడివాని బొటనవ్రేలికి వదలివేయుదురు. అతడు టైరును నొక్కి చూచును. వ్రేలు దిగకున్నచో గాలి చాలినదనును. తారు రోడ్డున రెండు మైళ్ళు పోవువానికి ఈ పరీక్ష చాలును. కంకర బాటకును, డొంకకును, చెఱువు కట్టకును చాలదు. ఏల చాలదో, దానికి మారుగా ఏమి చేయవలెనో బెంగుళూరు పరిసరములను దృష్టియందుంచుకొని వివరించుట ఈ వ్యాసము నుద్దేశము.

ముందుగా నేలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున నున్న పీఠభూమి. దీనికి పునాది మిక్కిలి ప్రాచీనమైన నైస్ శిల. లాల్‌బాగ్ తోటలో కెంపెగౌడ బురుజును మోయుచున్న గుట్ట ఆ శిలయే. భారత భూగర్భ పరిశీలన శాఖవారు దానిని జాతీయ భూగర్భ స్మారకముగా ప్రకటించియున్నారు. ఈ శిల ఎండకు వానకు శిథిలమై మొరమగును. మొరములోని మెత్తని పాలు ఎఱ్ఱమట్టియై కొట్టుకొనిపోగా, అరగని పలుగురాతి తునకలు వాడి అంచులతో పైకి తేలి నిలుచును. గోదావరి లంకలలో నడచువానికి ఇసుక శత్రువు. పల్నాటి బాటలలో నాపరాతి పలకలు. ఏటి ఒడ్డున దొరకు గులకరాయి గుండ్రనిది, చక్రము క్రిందనుండి జారునే గాని కోయదు. బెంగుళూరున పెద్ద నది లేదు. ఇచట బాటలపై పరచు కంకర, ఇచటివారు జల్లి అని పిలుచునది, క్వారీలలో పగులగొట్టిన రాయి. దానికి మూలలుండును. కాబట్టి ఈ ప్రాంతమున టైరునకు రెండు పరీక్షలు: జారుట ఒకటి, కోత మరియొకటి.

ఇట్టి బాటలు నగరమునకు దూరమున మాత్రమే కలవనుకొనరాదు. నీటి గొట్టములకై త్రవ్వి పూడ్చిన వీధులు, తారు పడని క్రొత్త లేఅవుట్లు, రహదారుల పక్కనుండు సర్వీసు బాటలు, జక్కూరు మొదలైన చెఱువుల కట్టలు, కనకపుర రోడ్డు చెంతనున్న తురహళ్ళి అడవి, ఎలహంక ఆవలి అవలహళ్ళి, హెసరఘట్ట పచ్చికబయళ్ళు: ఇవియన్నియు ఈ కోవలోనివే. ఉత్తరముగా నంది కొండలు దాటి చిక్కబళ్ళాపురము, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి దిక్కునకు పోయినకొలది తారు సన్నగిల్లి డొంకలు పెరుగును, వీధిలో తెలుగు మాటయు పెరుగును. ఆ పల్లెలలో సైకిలు విలాసవస్తువు కాదు. పాలబిందెలను కేంద్రమునకు చేర్చువాడు, మల్బరీ ఆకు మోపు తెచ్చువాడు, పట్టుగూళ్ళను శిడ్లఘట్ట సంతకు కొనిపోవువాడు దానిపై ఆధారపడినవారు. ఆదివారమునాడు వినోదమునకై నంది దారి పట్టు ఉద్యోగికి టైరు పగిలినచో ఉదయము చెడును. పాలవానికి పగిలినచో పాలు విరిగి ఆనాటి కూలి పోవును. వ్యాసము ఇరువురికొఱకును వ్రాయబడుచున్నది, కాని రెండవవానిని మనస్సున నిలుపుకొనుట మేలు.

గాలి టైరు పుట్టుకయే గతుకుల బాటవలన కలిగినది. 1845లో స్కాట్లండు దేశస్థుడగు రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రపు పట్టాకు పేటెంటు పొందెను. నాడు సైకిలు లేదు, అది గుఱ్ఱపు బండ్లకొఱకు. ఆ కల్పన మరుగున పడెను. 1887లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగానున్న జాన్ బాయ్డ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల బండి రాతి పరపు వీధులలో అదరుచుండుట చూచి రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు కట్టెను. 1888లో పేటెంటు వచ్చెను. థామ్సన్ ముందే పొందియున్నాడని తెలిసి 1890లో అది చెల్లకపోయెను. ఇచట గమనింపదగినది డన్‌లప్ కోరినది సుఖమే యనుట. వేగము అనుకోని లాభముగా వచ్చినది. 1889లో విల్లీ హ్యూమ్ అను పోటీదారు గాలి టైర్లతో బెల్‌ఫాస్టున గట్టి రబ్బరు చక్రములవారిని వెనుకకు నెట్టి గెలిచెను. మెత్తనిది వేగముగా పోవునని నాడే ఋజువైనను, తరువాతి తరములవారు దానిని మరచి, గట్టిదే వేగమను నమ్మకమునకు లోబడిరి. ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో పోటీ సైకిళ్ళ టైర్లు 23 మిల్లిమీటర్ల వరకు సన్నగిల్లెను. వానిలో నూటికి మించిన ఒత్తిడి నింపుచుండిరి. నేడు అదే పోటీదారులు 28, 30 మిల్లిమీటర్లకు వచ్చిరి.

మనదేశమున ఈ తిరుగుడు వేరొక విధముగా జరిగినది. మన తాతల నల్ల సైకిలు, 28 అంగుళముల చక్రము, అంగుళమున్నర టైరు గలది, నేటి కొలతలలో సుమారు 40 మిల్లిమీటర్ల వెడల్పుది. 2010 తరువాత పాశ్చాత్య దేశములందు గ్రావెల్ సైకిలను పేర ఒక క్రొత్త జాతి ప్రసిద్ధికెక్కినది. 2022లో ఇటలీయందు దానికి తొలి ప్రపంచ పోటీ కూడ జరిగినది. లక్ష రూపాయలకు పైబడి వెలపలుకు ఆ సైకిలునకు సర్వసాధారణముగా నుండు టైరు వెడల్పు 40 మిల్లిమీటర్లే. ఎద్దుబండ్ల గాళ్ళలో, మొరము బాటలలో నడువవలసిన వాహనమునకు ఏ వెడల్పు తగునో మన నల్ల సైకిలునకు ముందే తెలిసియుండెనని నవ్వుకొనవచ్చును. రబ్బరు నాణ్యత, తేలికదనము, బ్రేకుల పట్టు మాత్రము క్రొత్తవానివే మేలు.

ఎంత వెడల్పు కావలెనను ప్రశ్నకు రోడ్లు వేసిన మెకడం దొర సమాధానము నొకదానిని విడిచిపోయినాడు. జాన్ మెకడం (1756–1836) పైపొరలో పరచు రాళ్ళు బండిచక్రపు ఇనుప పట్టాకన్న ఎంతో చిన్నవిగా నుండవలెనని పట్టుబట్టెను. నాటి పట్టా వెడల్పు నాలుగంగుళములు. రాళ్ళు రెండంగుళములకు లోపలివి. పట్టా ఒకేసారి పెక్కు రాళ్ళపై నిలిచినచో వానిని అణచి కుదించును. ఒక్క రాతిపై నిలిచినచో దానిని ప్రక్కకు చిమ్మును. సైకిలువాడు రాళ్ళను మార్చలేడు, పట్టాను మార్చగలడు. కాబట్టి ఆ సూత్రమును తిరుగవేసి చదువుకొనవలెను: బాటపై వదులుగా పడియున్న రాళ్ళలో సాధారణమైన దాని కొలతకు టైరు వెడల్పు రెండింతలైనను ఉండవలెను. మన క్వారీలనుండి వచ్చు జల్లి 12, 20, 40 మిల్లిమీటర్ల మేళ్ళుగా అమ్ముడగును. 12 మిల్లిమీటర్ల జల్లిపై 28 టైరు జాగ్రత్తతో పోగలదు. 20పై 40 టైరు కావలెను. క్రొత్తగా పరచి ఇంకను రోలరు నడపని 40 మిల్లిమీటర్ల జల్లిపై రెండంగుళముల కొండ సైకిలు టైరు కూడ తడబడును. అచట దిగి నడిపించుకొనిపోవుటయే ఉత్తమము.

ఇక ఒత్తిడి. మనదేశమున నేటికిని దానిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని లెక్కించుచున్నారు. ఇకమీదట క్లుప్తతకై పౌనులని మాత్రమే వ్రాసెదను. బార్ అను కొలత ఉన్నచో ఒక బారునకు పదునాలుగున్నర పౌనులు. 70 కిలోల మనిషి 14 కిలోల సైకిలుపై కూర్చున్నాడనుకొందము. మొత్తము 84 కిలోలు, అనగా సుమారు 185 పౌనుల బరువు. దానిలో దాదాపు అయిదింట మూడు వంతులు, 111 పౌనులు, వెనుక చక్రముపై పడును. ముందు చక్రముపై 74. రెండు చక్రములలోను 50 పౌనుల ఒత్తిడి ఉన్నచో, టైరు గోడల బిఱుసును ప్రక్కకు పెట్టి చూడగా, వెనుక టైరు నేలను తాకు తావు 2.2 చదరపు అంగుళములు, ముందుది ఒకటిన్నర చదరపు అంగుళము. గాలి హెచ్చించినకొలది ఈ తావు తగ్గును, తగ్గించినకొలది పెరుగును. ఇందుండియే మరియొకటి తేలుచున్నది: రెండు చక్రములకు సమానముగా గాలి కొట్టు మన అలవాటు సరియైనది కాదు. ముందు చక్రమునకు అయిదవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తగ్గింపవచ్చును. కంకరపై తిరుగుటకును బ్రేకు వేయుటకును పట్టు కావలసినది ముందు చక్రమునకే కదా.

వెడల్పైన టైరునకు తక్కువ గాలి చాలుననుటకు కారణమును తెలియనివారు అది మెత్తబడినదని భయపడుదురు. టైరు గోడలోని బిగువు లోపలి ఒత్తిడిపైన మాత్రమే కాక గొట్టము వ్యాసముపైనను ఆధారపడును. రెండింటి గుణకారమే బిగువు. 28 మిల్లిమీటర్ల టైరులో 70 పౌనులు నింపినప్పుడు గోడకు కలుగు బిగువు 40 టైరులో 49 పౌనులకే కలుగును. కావున వెడల్పు టైరును బొటనవ్రేలితో నొక్కి సన్న టైరంత గట్టిగా చేయబూనుట, దానిపై అంతకంటె ఎక్కువ భారమును మోపుటయే. పాత టైరు అంచు తీగ రిమ్మునుండి ఊడి ట్యూబు ఫెళ్ళున పగులుటకు ఇది ఒక కారణము. లారీలకు గాలి కొట్టు యంత్రముతో సైకిలునకు గాలి పట్టించుకొనువారు దీనిని గుర్తుంచుకొనవలెను. ఆ యంత్రము వలన క్షణములో ఒత్తిడి హద్దు దాటును, కొలత ముల్లు కదలునంతలో ట్యూబు పగులును.

గట్టి టైరు తక్కువ శ్రమకు పోవునను నమ్మకము నున్నని ఉక్కు పీపాపై చేసిన పరీక్షలవలన బలపడినది. ఆ పీపాపై అది నిజమే. టైరు వంగి తిరిగి లేచునప్పుడు రబ్బరులో కొంత శక్తి వేడిగా మారి నశించును. గట్టి టైరు తక్కువగా వంగును గాన నష్టము తక్కువ. అయితే పీపాపై మనిషి లేడు. బాటపై ప్రతి రాతికిని సైకిలుతోపాటు మనిషియు ఎగిరి పడును. అతని కండలలో, కడుపులో, భుజములలో అదురు అణగిపోవునప్పుడు శక్తి వ్యయమగును. ఆ శక్తి తొక్కుడునుండి రావలసినదే. అమెరికాలో యాన్ హైనె నడపిన బైసికిల్ క్వార్టర్లీ పత్రికవారు ఈ శతాబ్దపు తొలి దశకమున మనుష్యులను ఎక్కించి వాలు రోడ్లపైనను, రహదారి అంచులందు నిద్రమత్తువారిని మేలుకొలుపుటకై చెక్కిన గరుకు పట్టీలపైనను పరీక్షలు జరిపిరి. మెత్తని వెడల్పు టైరు గరుకుపై ఎంతో లాభించునని, నున్నని తారుపై కూడ చెప్పుకోదగిన నష్టము లేదని వారు కనుగొనిరి. డొంకలో వేళ్ళు మొద్దుబారునట్లు అదురుచున్నప్పుడు "గట్టిగా ఉన్నది, వేగముగా పోవుచున్నాను" అని మనకు తోచుట భ్రమ. అదురు వేగమువలె కనిపించును, అంతే.

అట్లని గాలిని ఇష్టమువచ్చినట్లు తీయరాదు. గాలి మరీ తగ్గినచో రాతి అంచు తగిలినప్పుడు టైరు పూర్తిగా అణగి, రాతికిని రిమ్మునకును నడుమ ట్యూబు నలిగి, ప్రక్క ప్రక్కనే రెండు రంధ్రములు పడును. ఆంగ్లేయులు దీనిని పాముకాటని పిలుతురు. పంక్చరు అంగడిలో ట్యూబును నీటి తొట్టిలో ముంచినప్పుడు జంటగా బుడగలు వచ్చినచో ముల్లును వెదుకుట వృథా, తప్పు గాలిది. అల్యూమినియపు రిమ్ము సొట్టపడుటయు, మలుపులో టైరు ప్రక్కకు ఒరిగి సైకిలు తూలుటయు తక్కువ గాలి గుర్తులే. తారుపై మలుపు తిరుగునప్పుడు సైకిలు మెత్తగా ఈదుచున్నట్లు తోచినచో, రెండు మూడు పౌనులు కొట్టవలెను.

ఈ రెండు అంచుల నడుమ సరియైన తావును కనుగొనుటకు ఫ్రాంక్ బెర్టో అను అమెరికను ఇంజనీరు ఒక తేలికైన మార్గము చూపినాడు. బరువు ఎక్కినప్పుడు టైరు తన ఎత్తులో నూటికి 15 వంతులు అణగినచో అది చక్కని ఒత్తిడి. ఇంటివద్దనే దీనిని కొలువవచ్చును. సైకిలును గోడ ప్రక్క నిలుపవలెను. బరువు లేనప్పుడు రిమ్ము క్రింది అంచునకును గచ్చునకును గల ఎత్తును స్కేలుతో కొలిచి వ్రాసికొనవలెను. తరువాత మోచేతిని గోడకానించి, రెండు పాదములను పెడళ్ళపై నుంచి, తొక్కునప్పుడు కూర్చుండునట్లే కూర్చుండగా, మరియొకరు అదే ఎత్తును కొలువవలెను. 40 టైరునకు భేదము 6 మిల్లిమీటర్లు, 32 టైరునకు సుమారు 5. రెండు చక్రములకును వేరువేరుగా చేయవలెను. సంచి మోయువారు సంచితోనే కూర్చుండవలెను. భేదము తక్కువగా ఉన్నచో గాలి తీయవలెను, ఎక్కువైనచో కొట్టవలెను. ఇది తారుకు సరిపోవు కొలత. వదులు కంకరకు నూటికి 18 వరకు దిగవచ్చునని, అంతకు మించి దిగినచో ట్యూబు గల టైరునకు పాముకాటు తప్పదని నా అభిప్రాయము.

అంకెలు కోరువారికి: పైన చెప్పిన 70 కిలోల మనిషికి, ట్యూబు గల 40 టైరుతో కంకర బాటకు వెనుక 38 మొదలు 42 పౌనులు, ముందు 32 మొదలు 35. టైరు 32దైనచో వెనుక 55, ముందు 45. 28 టైరుతో గతుకుల తారుపై వెనుక 75, ముందు 62. దానితో డొంకలోనికి పోకుండుటయే మంచిది. రెండంగుళముల కొండ టైరునకు వెనుక 28, ముందు 23 చాలును. మనిషి బరువు ప్రతి 10 కిలోలకు నూటికి పది చొప్పున హెచ్చుతగ్గులు చేసికొనవలెను. ఇవి మొదలుపెట్టుటకు మాత్రమే పనికివచ్చు అంకెలు. ఒక వారము అదే బాటపై తిరిగి, రెండేసి పౌనులు మార్చి చూచినవానికి ఏ పట్టికయు అక్కరలేదు. టైరు ప్రక్కగోడపై అచ్చువేసిన గరిష్ఠ కనిష్ఠ హద్దులను మాత్రము దాటరాదు. కొక్కెపు అంచు లేని నవీన రిమ్ములకు యూరోపు ప్రమాణసంస్థ పెట్టిన హద్దు 5 బార్లు, అనగా 72 పౌనులు. దానిని టైరుపై అచ్చు ఎక్కువ చెప్పినను మీరరాదు.

అంకెలు చెప్పుట సులభము, కొలుచుట మన సైకిళ్ళపై కష్టము. నల్ల సైకిలు ట్యూబునకు ఉండునది డన్‌లప్ లేక వుడ్స్ వాల్వు. దానిలోని సన్నని రబ్బరు తొడుగును, మనవారు వాల్ ట్యూబనునది, గాలి త్రోసికొని లోనికి పోవును, వెనుకకు రాదు. కొలత గడియారమును దానికి తగిలించినచో లోపలి గాలి బయటకు రాదు గనుక అది సరియైన ఒత్తిడిని చూపదు. పంపుపై నున్న గడియారము కూడ ఆ తొడుగును తెఱచుటకు కావలసిన అదనపు ఒత్తిడిని కలిపి చూపును. ఇట్టివారికి పైన చెప్పిన స్కేలు పద్ధతియే శరణ్యము, గడియారముకంటె అదియే నమ్మదగినది. మోటారు వాల్వు, ప్రెస్టా వాల్వు గలవారు వంద రూపాయల బేరమాడక మంచి గడియారమును కొనుట మేలు. బ్యూటైల్ ట్యూబునుండియు గాలి మెల్లగా పోవుచునే యుండును. వారమునకు ఒకసారి చూడవలెను.

ఎండవలన ఒత్తిడి పెరుగునని భయపడి వేసవిలో గాలి తీయువారు కొందరు కలరు. లెక్క చూతము. బెంగుళూరు ఎత్తున వాతావరణపు ఒత్తిడి సుమారు 13.2 పౌనులు. ఉదయము 20 డిగ్రీలవద్ద 40 పౌనులు నింపినచో మొత్తము 53.2. మధ్యాహ్నము ఎండలో నిలిపిన టైరులోని గాలి 50 డిగ్రీలకు చేరినచో, నిరపేక్ష ఉష్ణోగ్రత 293 నుండి 323కు పెరిగినట్లు. ఒత్తిడి ఆ నిష్పత్తిలో 58.6 అగును. దానిలో వాతావరణపు పాలు తీసివేయగా 45.4. అయిదు పౌనులకు మించిన ఈ పెరుగుదల టైరును పగులగొట్టదు, కాని కంకరపై పట్టును తగ్గించుట తెలియును. నీడన నిలుపుట చాలును. 1478 మీటర్ల నంది శిఖరమునకు ఎక్కినచో బయటి గాలి పలుచబడుటవలన పెరుగునది ఒక పౌను కూడ ఉండదు. దానిని లెక్కింప పనిలేదు.

ముళ్ళ మాట వేరు. చెఱువు కట్టలపైనను బీళ్ళలోను పెరుగు సర్కారు తుమ్మ, కన్నడిగులు బళ్ళారి జాలి అని పిలుచునది, పొడుగైన గట్టి ముల్లు గలది. అది టైరును సూటిగా దిగబడును. గాలి హెచ్చించిన ఆగదు, తగ్గించిన ఆగదు. పల్లేరుకాయ ఇంకను మోసకారి. దారి ప్రక్క నేలను పాకు తీగనుండి రాలిన కాయ ఎట్లు పడినను ఒక ముల్లు పైకి చూచుచునే యుండును. సైకిలును బాటనుండి దింపి పక్కగా నిలుపుటతోడనే రెండు చక్రములకును పట్టుకొనును. దీనికి మూడు ఉపాయములు కలవు. మొదటిది నడి వరుసలో దట్టమైన రబ్బరు పట్టీగల టైరు; బరువెక్కువ, తొక్కుటకు కొంత మొద్దుగా నుండును. రెండవది ట్యూబు లేని టైరు: లోపల పోసిన ద్రవము చిన్న రంధ్రములను తానే పూడ్చును, పాముకాటు బెడద లేనందున మూడు నాలుగు పౌనులు తగ్గించుకొనవచ్చును. కాని మన ఎండలకు ఆ ద్రవము రెండు మూడు నెలలలో ఎండిపోవును, మరల పోయవలెను. పల్లెలోని పంక్చరు అంగడిలో అది దొరకదు. కావున ఒక ట్యూబును సంచిలో నుంచుకొననిదే దూరము పోరాదు. మూడవది మనవారి గేటరు. పాత టైరు ముక్కను కోసి, అంచులు పలుచగా చెక్కి, కోతపడిన చోట లోపల అమర్చుట. పలుగురాయి ప్రక్కగోడను చీల్చినప్పుడు ఏ ద్రవమును రక్షింపలేదు; గేటరు ఇల్లు చేర్చును. దానిని చులకనగా చూడరాదు.

టైరు పైచెక్కడమును గూర్చి అంగడులలో ఎక్కువ మాటలు, నేలపై తక్కువ భేదము. తారుపై చెక్కడము అవసరమే లేదు. కారు టైరువలె సైకిలు టైరు నీటిపై తేలిపోదు, దాని తావు అంత సన్ననిది. గట్టిపడిన మొరమునకు నడుమ నున్నగా, ప్రక్కల చిన్న బొడిపెలు గలది చక్కగా సరిపోవును. జూను మొదలు అక్టోబరు వరకు వానలు కురియునప్పుడు మాత్రము ఎఱ్ఱమట్టి స్వభావము మారును. అది మొదట సబ్బువలె జారును, పిమ్మట జిగురై టైరునకంటి మడ్‌గార్డు నడుమ బిగియును. అప్పుడు కావలసినవి ఎడమెడముగా నిలిచిన ఎత్తైన బొడిపెలు. అంతకంటె ముఖ్యముగా టైరునకు చట్రమునకు నడుమ అన్ని వైపుల అయిదారు మిల్లిమీటర్ల ఖాళీ. తురహళ్ళిలోని తడి బండపై బొడిపెలు కీడే చేయును. అచట తావు పెంచు తక్కువ గాలియే పట్టు.

కొనబోవువారు మోసపోవునది అంగుళముల పేర్లవద్ద. నల్ల సైకిలు 28 అంగుళముల టైరునకు రిమ్ముపై కూర్చుండు వ్యాసము 635 మిల్లిమీటర్లు. నవీన సైకిళ్ళ 700 సి అనునది 622. దానిని కొన్ని దేశములవారు 28 అంగుళములదని, కొండ సైకిళ్ళవారు 29 అంగుళములదని పిలుతురు! పాత కొండ సైకిళ్ళ 26 అంగుళములది 559, పాత రోడ్డు సైకిళ్ళ 26 అంగుళములలో ఒకటి 590. పదిమూడు మిల్లిమీటర్ల భేదముగల టైరు ఎక్కదు. ఎక్కినట్లు కనిపించినచో మరింత ప్రమాదము. అంగుళములను నమ్మక ప్రక్కగోడపై 40-635, 40-622 అని రెండంకెలుగా నుండు అచ్చును చదివి, రెండవ అంకె పాతదానితో సరిపోవునేమో చూడవలెను. మొదటి అంకె వెడల్పు. రిమ్ము లోపలి వెడల్పునకు ఒకటిన్నర మొదలు రెండుంబావు రెట్లవరకు టైరు వెడల్పు ఉండవచ్చును. దానికి మించినచో మలుపులలో తూలును.

పాలవాని మాట మిగిలినది. ఇరువది లీటర్ల బిందెలు రెండు వ్రేలాడదీసినచో పాలే 41 కిలోలు. బిందెలతో కలిపి 45 అనుకొందము. అది దాదాపు అంతయు వెనుక చక్రముపైననే పడును. ముందు చెప్పిన 50 కిలోలతో చేరి 95 కిలోలు, అనగా 209 పౌనుల బరువు. టైరు తావు మునుపటివలె 2.2 చదరపు అంగుళములుగా నిలుపవలెనన్నచో 95 పౌనుల ఒత్తిడి కావలెను. అంగుళమున్నర టైరు దానిని భరింపదు. కావున ప్రక్కగోడపై అచ్చువేసిన గరిష్ఠమునకు నింపి, తావు పెరుగుటను అంగీకరించుటకంటె గత్యంతరము లేదు. అందుచేతనే భారమునకై చేసిన టైర్లకు బట్టపొరలు ఎక్కువ వేయుదురు. అందుచేతనే పాత నల్ల సైకిళ్ళకు ముందు చక్రమున 32 పుల్లలు, వెనుక చక్రమున 40. తిరుగు ప్రయాణమున బిందెలు ఖాళీయైన పిమ్మట అదే గాలితో డొంకలో వచ్చినచో సైకిలు గెంతులు వేయును, పుల్లలు విఱుగును. కేంద్రమువద్ద వాల్వు వదులుచేసి వెనుక చక్రమునుండి కొంత గాలి తీసి, మరునాటి ఉదయము పంపుతో మరల కొట్టుకొనుటకు పట్టునది అయిదు నిమిషములు. ముందు చక్రమును మాత్రము ముట్టనక్కరలేదు. దానిపై భారము రెండు వేళలను ఒకటే.